ఇంటికి తిరిగి వచ్చే దారి: విజయనగరం జిల్లాలో ఒక ఊరి ఆడపిల్లల చదువు, ప్రయాణాలపై కేస్ స్టడీ

విజయనగరం జిల్లా పల్లెల్లో బడి మానేసిన పిల్లలను మళ్లీ బడికి చేర్చే పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. బడి మానేసిన పిల్ల ఇంటికి వెళ్లినప్పుడు మేం నింపే ఫారంలో "కారణం" అని ఒక గడి ఉంటుంది. పేదరికం, ఇంటిపని, అనారోగ్యం, పెళ్లి, చదువు మీద ఆసక్తి లేకపోవడం, ఇతరములు. వీటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. "ఆసక్తి లేదు" అన్నదానికి నేను ఎన్నిసార్లు టిక్కు పెట్టానో లెక్క లేదు. ఈ కేసు తర్వాత ఆ గడిని ముట్టుకోవడం మానేశాను.

ఇది ఒక ఊరి నుంచి ఉన్నత పాఠశాలకు వెళ్లే పదకొండు మంది ఆడపిల్లల సంగతి. ముఖ్యంగా, మేం వెళ్లేనాటికి తొమ్మిదో తరగతిలో ఉన్న ఒక అమ్మాయి సంగతి. 2023 జూన్ నుంచి రెండున్నరేళ్లు వాళ్లతో కలిసి పనిచేశాం. వాళ్లూ, వాళ్ల తల్లులూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఊరి పేరు, బడి పేరు కూడా రాయను.

ఊరు, దారి

గజపతినగరానికి, సాలూరుకు మధ్య, జాతీయ రహదారికి బాగా లోపల ఉన్న ఊరది. నూట ఇరవై గడపలు. చుట్టూ మామిడి, జీడి తోటలు. వానలు సరిగా పడితే వరి, లేకపోతే నువ్వులు, గోగు. మగవాళ్లలో చాలామంది ఇళ్ల నిర్మాణం పనులకు విశాఖపట్నం, చెన్నై, హైదరాబాద్ వెళ్లిపోతారు, సంక్రాంతికి వస్తారు. ఊళ్లో అయిదో తరగతి వరకే బడి ఉంది. ఆరులోకి వచ్చిన పిల్లలు రహదారి పక్కనున్న ఉన్నత పాఠశాలకు వెళ్లాలి.

ఇంటి నుంచి ఆ బడికి ఆరున్నర కిలోమీటర్లు. మొదటి రెండు కిలోమీటర్లు తోటల మధ్య మట్టిదారి. ఆ దారికి అడ్డంగా ఒక గెడ్డ పారుతుంది. చంపావతి నదిలో కలిసే గెడ్డల్లో అదొకటి. వేసవిలో ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఆషాఢం దాటాక మోకాలి లోతు నీళ్లు, తుఫాను పడితే నడుము లోతు. గెడ్డ దాటి, తోటలు దాటితే పంచాయతీ కేంద్రమైన పెద్ద ఊరు, దాని కూడలి వస్తాయి. అక్కడి నుంచి మూడున్నర కిలోమీటర్లు తారురోడ్డు. చివరి కిలోమీటరు 26వ నంబరు జాతీయ రహదారి మీద, ఒడిశా వైపు పోయే లారీల పక్కన.

కాగితాల మీద ఈ దూరం ఇలా లేదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం అయిదో తరగతి వరకు కిలోమీటరు లోపు, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. ఉన్నత పాఠశాలకు పాటించే కొలత అయిదు కిలోమీటర్లు. బడి అంతకంటే దూరమైతే పాఠశాల విద్య పథకమైన సమగ్ర శిక్ష కింద ఒక్కో పిల్లకు ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యం ఇవ్వవచ్చు. కానీ మా ఊరి పిల్లల దూరాన్ని పంచాయతీ కేంద్రం నుంచి కొలిచి జాబితాలో రాశారు. నాలుగున్నర కిలోమీటర్లు. మూడు దాటింది కాబట్టి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్లో కొందరికి భత్యం వచ్చింది. అయిదు దాటలేదు కాబట్టి తొమ్మిదిలోకి అడుగుపెట్టగానే ఆగిపోయింది. విద్యాహక్కు చట్టం పరిధి కూడా పద్నాలుగేళ్లకు ముగిసిపోతుంది. పిల్ల పెద్దమనిషై, ఇంట్లో భయాలు మొదలై, తోడు అవసరం ఎక్కువయ్యే వయసులోనే అన్ని ఆసరాలూ ఒక్కసారిగా తొలగిపోతాయి. ఈ మాట నేను చాలా సమావేశాల్లో చెప్పాను. అందరూ తలలు ఊపారు.

సైకిళ్లు

మొదట మేం చేసింది పొరపాటు. దాన్ని దాచుకోకుండా రాయాలి.

2006లో బిహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చింది. ఆ పథకాన్ని కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు అధ్యయనం చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆ వయసు ఆడపిల్లల నమోదు 32 శాతం పెరిగిందని, ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య తేడా 40 శాతం తగ్గిందని, బడి మూడు కిలోమీటర్లు దాటిన ఊళ్లలోనే మేలు ఎక్కువ జరిగిందని తేలింది. మన రాష్ట్రంలోనూ "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చిన కాలం ఉంది. కాబట్టి ఆరున్నర కిలోమీటర్ల దూరం అనగానే మాకు సైకిలు తప్ప మరోటి తోచలేదు. బడి పూర్వ విద్యార్థులను అడిగి తొమ్మిది సైకిళ్లు సంపాదించాం. జూలైలో చిన్న సభ పెట్టి ఇచ్చాం. ఫొటోలు తీసుకున్నాం.

ఆగస్టు వానలకు ఎర్రమట్టి మడ్‌గార్డుల్లో గట్టిగా పట్టుకుని చక్రాలు కదలడం మానేశాయి. గెడ్డ దగ్గర సైకిలును భుజాన వేసుకుని దాటాలి. పన్నెండేళ్ల పిల్ల అది చేయలేదు. పంక్చరు వేసే దుకాణం రహదారి మీద ఉంది. మట్టిదారిలో గాలి పోతే ఆరు కిలోమీటర్లు తోసుకుంటూ నడవాలి. దసరా నాటికి నాలుగు సైకిళ్లను అన్నదమ్ములు తీసుకున్నారు. రెండు పశువుల శాలలో గోడకు ఆనించి ఉన్నాయి. మిగిలిన మూడింటిని పిల్లలే ఒక ఉపాయంతో వాడారు. పెద్ద ఊరి కూడలిలో ఒక కిరాణా దుకాణం చూరు కింద సైకిళ్లు పెట్టుకుని, అక్కడి దాకా నడిచి వచ్చి, తారురోడ్డు మీద తొక్కేవారు. ఇల్లు మొదలు బడి దాకా దారిని ముక్కలుగా విడగొట్టి చూడాలన్న సంగతి నేను వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

సైకిలు పనికిరాదని నేను అనడం లేదు. చదునైన దారి, ఊరి నుంచి బడి దాకా ఒకే రోడ్డు ఉన్న చోట అంతకు మించిన సాధనం లేదు. మేం దారి నడవకుండా సైకిళ్లు ఇచ్చాం. అదే తప్పు.

నోటు పుస్తకం

నవంబరులో బడి హాజరు పట్టీ చూశాను. నేను చెబుతున్న అమ్మాయి జూలై, ఆగస్టుల్లో, గెడ్డ పొంగిన రోజుల్లో కూడా, పెద్దగా బడి మానలేదు. కానీ నవంబరులో, వానలు తగ్గి దారి ఆరిపోయాక, తొమ్మిది రోజులు రాలేదు. మిగతా ఆడపిల్లలదీ ఇంచుమించు అదే తీరు. ఊరి మగపిల్లలు మాత్రం రోజూ వస్తున్నారు. వాన కారణం కాదు. డబ్బు కారణం కాదు. పదో తరగతి వరకు ఆడపిల్లలకు ఉచిత బస్సు పాస్ ఉంది. ఆ పాస్ ఈ పిల్లలందరి సంచుల్లోనూ ఉంది.

ఇంటికి వెళ్లి అడిగితే తల్లి "దానికి ఒంట్లో బాగుండటం లేదమ్మా" అంది. పాత అలవాటు ప్రకారం "అనారోగ్యం" గడిలో టిక్కు పెట్టి వచ్చేసేదాన్నే. వాకిట్లో కూర్చున్న తాతగారు ఉన్నట్టుండి అన్నారు. "పిల్లని బడి మాన్పించాలని మాకు లేదమ్మా. పొద్దున మేమూ పొలం పోతాం, దారి నిండా మనుషులే. సాయంత్రం ఎవరున్నారు? చీకటి పడ్డాక ఆ గెడ్డ దగ్గర నిలబడేది ఎవరు?"

మర్నాడు అయిదుగురు పిల్లలకు తలా ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చాను. రోజూ నాలుగు వేళలు రాయమన్నాను. ఇల్లు వదిలిన వేళ, బడి చేరిన వేళ, బడి వదిలిన వేళ, ఇల్లు చేరిన వేళ. రెండు వారాల్లో నేనూ నాలుగు రోజులు వాళ్లతో పాటు నడిచాను.

పొద్దున దారి ఇలా ఉంది. 7.20కి ఇల్లు వదులుతారు. పదకొండు మంది ఒక గుంపుగా, వెనక పొలాలకు వెళ్లే ఆడవాళ్లు, ముందు పాలకేన్లతో సైకిళ్ల మీద మనుషులు. 8.05కి కూడలిలో బస్సు. 8.25కి బడి. ఎక్కడా ఇబ్బంది లేదు. పిల్లలు పాటలు పాడుకుంటూ వెళతారు.

సాయంత్రం దారి వేరు. బడి 4 గంటలకు వదులుతారు. కూడలి వైపు బస్సు 4.40కి ఒకటి, మళ్లీ 7.15కి ఒకటి. అయితే నవంబరు నుంచి తొమ్మిది, పది తరగతుల వాళ్లకు 4 నుంచి 5.30 వరకు ప్రత్యేక తరగతులు మొదలయ్యాయి. పదో తరగతి ఫలితాల కోసం బడులన్నీ చేసే పనే. మంచి ఉద్దేశంతో, ఉపాధ్యాయులు తమ సొంత సమయం పెట్టి చేసే పని. దాంతో పదకొండు మంది గుంపు రెండు ముక్కలైంది. ఆరుగురు చిన్నపిల్లలు 4.40 బస్సు ఎక్కి, అయిదింటికి కూడలిలో దిగి, పెద్దపిల్లల తోడు లేకుండా తోటల్లోకి నడవాలి. అయిదుగురు పెద్దపిల్లలు 5.30 తర్వాత రహదారి పక్కన గంటా నలభై అయిదు నిమిషాలు బస్సు కోసం నిలబడాలి, లేదంటే షేర్ ఆటో ఎక్కాలి. నిండితే గానీ ఆటో కదలదు. నిండిన ఆటోలో డ్రైవరు పక్కన ఒదిగి కూర్చోవాల్సింది పిల్లలే.

ఇక్కడ ఒక సంగతి ఆగి చెప్పాలి. ఉత్తరాంధ్ర రాష్ట్రానికి తూర్పు కొస. నవంబరు చివర్లో విజయనగరంలో సాయంత్రం 5.20 ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. అదే రోజు అనంతపురంలో దాదాపు అరగంట ఆలస్యంగా చీకటి పడుతుంది. బడి వేళలు మాత్రం రాష్ట్రమంతటికీ ఒక్కటే. అక్కడి పిల్ల వెలుగులో ఇల్లు చేరే సమయానికి ఇక్కడి పిల్ల చీకట్లో జీడితోట మధ్య ఉంటుంది. పద్దెనిమిదేళ్లు ఇక్కడే తిరుగుతున్నా, ఈ చిన్న సంగతి పిల్లల నోటు పుస్తకం చూసే దాకా నాకు తట్టలేదు. నవంబరులో గైర్హాజరు ఎందుకు పెరిగిందో, జూలైలో ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. జూలైలో నీళ్లున్నా, ఆరున్నర దాటే దాకా వెలుగుంది.

నాలుగో రోజు నడకలో ఆ అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. బస్సు కోసం నిలబడే చోట దీపం లేదు. ఆరు దాటాక పక్కనే మందు తాగేవాళ్లు చేరతారు, మాటలు అంటారు. ఒకసారి ఒకడు బండి మీద కూడలి దాకా వెంట వచ్చాడు. "ఇంట్లో చెప్పావా?" అని అడిగాను. "చెబితే బడి మాన్పిస్తారు మేడం" అంది. వాళ్లంతా కలిసి ఇంట్లో చెప్పకూడదని అనుకున్నారట. చెప్పలేరు, నిలబడలేరు. ఆ రెండింటి మధ్య దొరికిన దారి కడుపునొప్పి, తలనొప్పి. ఒంట్లో బాగుండటం లేదని తల్లి అన్నమాట అబద్ధం కాదు. ఆమెకు తెలిసింది అంతే.

వేళలు మార్చడం

పైసా ఖర్చు లేని పని అన్నిటికంటే కష్టమైంది. ప్రత్యేక తరగతుల వేళ మార్చాలని ప్రధానోపాధ్యాయుడిని అడగడానికి తల్లులు నలుగురు, నేను వెళ్లాం. ఆయన మంచి మనిషి. పిల్లలు బాగుపడాలనే తపన ఉన్నవాడు. అందుకే ఆయనకు మా మాట గట్టిగా తగిలింది. "నేను వీళ్ల కోసమే రాత్రిదాకా ఉంటున్నాను" అన్నారు. పిల్లల నోటు పుస్తకాలు ఆయన ముందు పెట్టాం. ఒక పుట తర్వాత ఒక పుట తిప్పారు. ఇల్లు చేరిన వేళ: 7.55, 8.05, 8.10, ఒక రోజు 8.40. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

కొత్త ఏర్పాటు ఇలా కుదిరింది. ఉదయం బస్సు 8.25కే వస్తుంది కాబట్టి 8.30 నుంచి 9 వరకు ఒక తరగతి. మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట. సాయంత్రం 4 నుంచి 4.30 వరకు. మొత్తం అదే గంటన్నర. చిన్నపిల్లలు ఆ అరగంట గ్రంథాలయ గదిలో కూర్చుంటారు. పదకొండు మందీ కలిసి 4.40 బస్సు ఎక్కుతారు. రహదారి అవతలి ఊళ్ల పిల్లలకు సాయంత్రం తరగతే అనుకూలమని ఇద్దరు ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పారు. అందులో న్యాయం ఉంది. వాళ్లకు దగ్గర. ఆ పిల్లల కోసం వారంలో రెండు రోజులు సాయంత్రం తరగతి ఉంచారు.

గుంపు కలిసిపోయింది. డిసెంబరు మూడో వారం నుంచి హాజరు నిలబడింది.

ఈ గుంపు గురించి కొంచెం వివరంగా రాయాలి. పల్లెల్లో ఆడపిల్ల ఒంటరిగా ప్రయాణం చేయదు. గుంపుగా చేస్తుంది. ముగ్గురి కంటే తగ్గితే ఆ గుంపు నిలవదు. పది పూర్తిచేసి ముగ్గురు వెళ్లిపోతే కింది తరగతి వాళ్లకు తోడు పోతుంది. ఒక పిల్ల బడి మానేస్తే మనం ఒకరినే లెక్కిస్తాం. ఆ ఒక్క పిల్ల వెనక ఇద్దరు ముగ్గురు బడి మానడానికి దగ్గరగా జరుగుతారు. మగపిల్లలకు ఈ లెక్క లేదు. ఎవరి బండి ఆగితే అది ఎక్కి వెళ్లిపోతారు.

గెడ్డ దగ్గర తల్లులు

బస్సు వేళ కుదిరినా, కూడలి నుంచి ఇంటి దాకా రెండు కిలోమీటర్లు మిగిలే ఉంది. పొదుపు సంఘం సమావేశంలో ఈ మాట పెట్టాం. రోజుకు ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని, అయిదింటికి టార్చి పట్టుకుని గెడ్డ దగ్గరకు వెళ్లి పిల్లలను తీసుకురావాలని నిర్ణయించారు. మొదట్లో నాకు నమ్మకం కలగలేదు. కూలికి వెళ్లి వచ్చి, పొయ్యి వెలిగించాల్సిన వేళ అది. కానీ రెండేళ్లలో ఆ వంతు తప్పిన రోజులు తక్కువ. ఊడుపుల సమయంలో ముసలివాళ్లు వెళ్లారు. వానాకాలంలో గెడ్డకు అడ్డంగా ఈ ఒడ్డు చెట్టుకూ ఆ ఒడ్డు చెట్టుకూ మోకు కట్టారు.

ఈ పనిని మా నివేదికల్లో "సమాజ భాగస్వామ్యం" అని రాశాం. ఆ మాట రాస్తున్నప్పుడు నాకు లోపల నొప్పిగానే ఉండేది. ఒక కల్వర్టు, నాలుగు వీధి దీపాలు చేయాల్సిన పనిని ఇద్దరు ఆడవాళ్లు రోజూ గంట సేపు తమ ఒళ్లు వంచి చేస్తున్నారు. వాళ్లకు జీతం లేదు, పేరూ లేదు. ఇలాంటి ఏర్పాటును వేరే ఊళ్లలో చేయించాలనుకునేవాళ్లు ఈ భారాన్ని లెక్కలో వేసుకోవాలి. ఇది తాత్కాలికం అని మొదటి రోజే రాసుకోవాలి.

మేం కాపాడలేకపోయిన పిల్ల

పదో తరగతిలో ముగ్గురు ఉండేవారు. అందులో ఒకరు సంక్రాంతి సెలవుల తర్వాత బడికి రాలేదు. 2024 జనవరి అది. డిసెంబరులో హాజరు బాగుపడింది కదా అని మేం కొంచెం నిశ్చింతగా ఉన్నాం. పొరుగు మండలంలో వేరే పని పెట్టుకుని మూడు వారాలు ఆ ఊరు వెళ్లలేదు. ఫిబ్రవరిలో వెళ్లేసరికి నిశ్చితార్థం అయిపోయింది. సంక్రాంతికి చెన్నై నుంచి తండ్రి వచ్చాడు. నవంబరు రాత్రుల సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. బండి మీద వెంట వచ్చినవాడి సంగతి కూడా. పిల్లలు ఏది బయటపడకూడదని దాచారో అదే బయటపడింది, వాళ్లు భయపడినట్టే జరిగింది. మేం వేళలు మార్చింది డిసెంబరులో. నవంబరు మాత్రం ఆ పిల్ల వెంటే ఉంది.

ఆమెకు పదహారేళ్లు. 2006 నాటి బాల్యవివాహ నిరోధక చట్టం గురించి చెప్పాం. సచివాలయం మహిళా పోలీసును తీసుకుని వెళ్లాం. పిల్లను పరీక్ష రాయిస్తామని, పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయమని తండ్రి రాసి ఇచ్చాడు. పిల్ల మార్చిలో పరీక్షలు రాసింది. మే నెలలో వేరే జిల్లాలో, బంధువుల ఊళ్లో పెళ్లి జరిగిపోయింది. మాకు జూన్‌లో తెలిసింది. పిల్లల సహాయ ఫోను నంబరు 1098కి ముందే చెప్పి, ఆ వేసవి అంతా ఆ ఇంటికి వెళ్లి వస్తూ ఉండాల్సింది. కాగితం మీద సంతకం చూసి నమ్మాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయినట్టు తేలింది. ఆ లెక్క చూసినప్పుడల్లా కట్నం, కరవు, ఆచారం అని మాట్లాడుకుంటాం. అవన్నీ నిజమే. కానీ ఈ పిల్ల విషయంలో ఆ నిర్ణయానికి దగ్గరి కారణం 5.30కీ 7.15కీ మధ్య ఉన్న ఖాళీ. తండ్రి క్రూరుడు కాదు. దూరదేశంలో ఇటుకలు మోస్తూ, సాయంత్రం తన కూతురు ఎక్కడ ఉందో తెలియని మనిషి.

దూరం కొలవడం, ఆటో, బస్సు

2024 వేసవిలో ఇంటి నుంచి బడి దాకా దూరాన్ని మళ్లీ కొలిచాం. పంచాయతీ కేంద్రం నుంచి కాదు, పిల్లల ఇళ్లున్న చివరి వీధి నుంచి. కొన్ని బడుల పని చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) మాతో వచ్చాడు. ఆరున్నర కిలోమీటర్లని మండల విద్యాశాఖకు రాసి ఇచ్చాం. జాబితా సరిచేయడానికి ఆ విద్యాసంవత్సరంలో సగం గడిచింది. సరిచేశాక తొమ్మిది, పది పిల్లలకూ రవాణా భత్యం వర్తించింది.

ఆ డబ్బు వస్తుందన్న నమ్మకం మీద తల్లులు ఊళ్లోని ఒక ఆటోతో ఒప్పందం చేసుకున్నారు. ఆరుగురు కూర్చునే పెద్ద ఆటో, రెండు ట్రిప్పులు, వానాకాలం నాలుగు నెలలకే. అప్పటిదాకా షేర్ ఆటోకు రానూ పోనూ నలభై రూపాయలు, నెలకు తొమ్మిది వందలు దాటేది. 2024-25లో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. అంటే ఒక్క పిల్ల ప్రయాణానికి మూడు రోజులకు పైగా కూలి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో, ఒకరికే సరిపోతే ఆ ఒకరు ఎవరో చెప్పనక్కరలేదు. ఒప్పందం ఆటో బాగానే నడిచింది, పెళ్లి ముహూర్తాల రోజుల్లో తప్ప. ఆ రోజుల్లో అతనికి మంచి బాడుగ వస్తుంది. రెండో ఏడాది ఒప్పందంలో ముహూర్తం రోజులకు బదులు బండి చూపించే బాధ్యత అతనిదేనని రాయించాం.

సాయంత్రం రెండో బస్సును 7.15 నుంచి ముందుకు జరపమని, సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో వినతిపత్రం ఇచ్చాం. మొదటి రెండుసార్లు నేను రాశాను. మూడోసారి తల్లులే తమ మాటల్లో రాయించి, పిల్లల నోటు పుస్తకాల పుటలు జతచేశారు. 2024 నవంబరులో ఆ బస్సు 6 గంటలకు మారింది. నా రెండు వినతిపత్రాల్లో చట్టాలు, నిబంధనలు ఉన్నాయి. వాళ్లదాంట్లో వేళలు ఉన్నాయి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు బస్సుల్లో మహిళలందరికీ ప్రయాణం ఉచితమైంది. పదో తరగతి వరకు మా పిల్లలకు ముందే ఉచితం కాబట్టి వాళ్లకు నేరుగా కొత్తగా కలిగింది తక్కువ. ఇంటర్ పిల్లలకూ, తల్లులకూ కలిగింది ఎక్కువ. తల్లులు ఇప్పుడు బడి సమావేశానికి లెక్క చూసుకోకుండా వస్తున్నారు. ఒకామె తొలిసారి కూతురి తరగతి గది చూసింది. మరోవైపు 4.40 బస్సు సంత రోజుల్లో నిండిపోయి వస్తుంది. పదకొండు మంది పిల్లలు, పదకొండు సంచులు. ఆ రోజుల్లో ఇద్దరు ముగ్గురు మిగిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఎవరు మిగిలినా అందరూ దిగిపోవాలని, 6 గంటల బస్సుకు కలిసి రావాలని పిల్లలే కట్టుబాటు పెట్టుకున్నారు. గుంపును విడగొట్టకూడదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఎక్కడ ఉన్నాం

ఈ కేసు చూపించేదాన్ని ఎక్కువ చేసి చెప్పలేను. ఒక ఊరు, పదకొండు మంది. గిరిశిఖర గ్రామాల్లో రోడ్డే లేదు. అక్కడ కస్తూర్బా విద్యాలయం వంటి వసతి బడి తప్ప ఈ ఉపాయాలేవీ పనిచేయవు. కానీ మైదాన ప్రాంతంలో, కాగితం మీద బస్సూ పాసూ రెండూ ఉన్న ఊళ్లలో, పిల్ల బడి మానేస్తోందంటే నేను ఇప్పుడు మొదట అడిగే ప్రశ్న మారింది. "ఎందుకు రావడం లేదు?" అని అడగడం లేదు. "నిన్న ఇల్లు ఎన్నింటికి చేరావు?" అని అడుగుతున్నాను. మా ఫారంలో కూడా "కారణం" గడి పైన ఆ ప్రశ్న చేర్చాం. పొరుగున మూడు ఊళ్లలో నోటు పుస్తకాలు మొదలుపెట్టాం. ఒక ఊళ్లో సమస్య సాయంత్రం కాదు, పొద్దున అని తేలింది. అక్కడ బస్సు 9.20కి వస్తుంది. రోజూ ఆలస్యంగా వచ్చినందుకు పిల్లలు బయట నిలబడుతున్నారు.

గెడ్డ మీద కల్వర్టు ప్రతిపాదన ఇంకా మంజూరు కాలేదు. అంచనా వేసి పంపారు. మోకు పాతబడి నూలు విడిపోతే ఈ ఏడాది కొత్తది కట్టారు. వచ్చే జూన్‌లో ఊరి నుంచి ఆరో తరగతిలోకి నలుగురు ఆడపిల్లలు వస్తారు. పది నుంచి ఇద్దరు వెళ్లిపోతారు. తొమ్మిదిలో ఒక్కరే ఉంటారు. ఆ ఒక్క పిల్ల మీదే మా చూపంతా.

నేను మొదట చెప్పిన అమ్మాయి 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి ఉత్తీర్ణురాలైంది. ఇప్పుడు పట్నంలో ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. ఇంటి నుంచి పద్నాలుగు కిలోమీటర్లు. వాళ్ల ఊరి నుంచి ఇంటర్‌కు రోజూ వెళ్లి వచ్చే మొదటి ఆడపిల్ల ఆమే. గుంపు లేదు. కూడలి దాకా బడిపిల్లలతో కలిసి నడుస్తుంది, అక్కడి నుంచి ఒంటరిగా వెళుతుంది. తిరిగి వచ్చేటప్పుడు 6 గంటల ఆ బస్సే. ఆమె తల్లి ఒక్కతే టార్చితో గెడ్డ దగ్గరకు వస్తుంది. ప్రాక్టికల్స్ ఉన్న రోజుల్లో ఆ బస్సు అందడం లేదని, కళాశాలలో మాట్లాడమని గత వారం ఫోను చేసింది. వెళ్లి మాట్లాడాలి.

నోటు పుస్తకం ఇంకా రాస్తోంది. ఎవరూ అడగకపోయినా. మొన్న చూపించింది, నాలుగో పుస్తకం అది. చివరి పంక్తిలో ఇల్లు చేరిన వేళ 7.05.